ఎత్తడానికి హద్దు లేదు, లాగడానికే హద్దు

శ్రీశైలం వెనక నిలిచిన కృష్ణా నీళ్లు పోతిరెడ్డిపాడు తూముల్లోంచి బయలుదేరి, బనకచర్ల దాటి, గోరకల్లు, అవుకు జలాశయాల మీదుగా జమ్మలమడుగు దగ్గరి గండికోటకు చేరుతాయి. అంతదూరం వాటిని నడిపించేది పల్లమే. పెన్నా మీద 26.85 టీఎంసీల సామర్థ్యంతో కట్టిన గండికోట జలాశయం దగ్గరికి వచ్చేసరికి ఆ పల్లం అయిపోతుంది. పులివెందుల ప్రాంతం అంతకంటే ఎత్తున ఉంది. అందుకే అక్కడి నుంచి ఒకవైపు సింహాద్రిపురం మండలంలోని 6 టీఎంసీల పైడిపాలెం జలాశయానికి, మరోవైపు పార్నపల్లె దగ్గరి 10 టీఎంసీల చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరుకు నీళ్లను మోటార్లతో ఎత్తిపోస్తారు. చిత్రావతికి వెళ్లే పథకాన్ని ఐదు దశల్లో, సెకనుకు 2,000 ఘనపుటడుగులు, అంటే 56 వేల లీటర్ల పైచిలుకు ఎత్తేలా రూపొందించారు. చీనీ తోటలు, అరటి తోటలు, ఊళ్ల తాగునీళ్లు ఈ మోటార్ల మీద ఆధారపడి ఉన్నాయి. ఇంత పెద్ద మోటార్లకైనా, పొలంలోని ఐదు హార్స్‌పవర్ మోటారుకైనా ఒక ఉమ్మడి శత్రువు ఉంది. దాని పేరు కావిటేషన్. ఇంజనీర్లు దాన్ని మొదట గుర్తుపట్టింది మాత్రం ఏ పంపులోనూ కాదు, సముద్రంలో పరుగెత్తే ఓడల అడుగున తిరిగే ప్రొపెల్లర్లలో. సముద్రానికి దూరంగా ఉన్న కడప జిల్లాకు ఆ ఓడల కథ నేర్పే పాఠం ఒకటుంది. నీళ్లను ఎంత ఎత్తుకైనా తోయవచ్చు గానీ, మన దగ్గరికి లాక్కోవడానికి ప్రకృతి గట్టి హద్దు పెట్టింది. ఆ హద్దు దాటితే ఎంత పెద్ద మోటారు పెట్టినా ఫలితం ఉండదు.

ఆ హద్దు ఎక్కడుందో తెలియాలంటే ముందు ఒక అపోహ వదిలించుకోవాలి. బావి మీది మోటారు నీళ్లను పీల్చుకుంటుందని మనమంతా అనుకుంటాం. నిజానికి ఏ పంపూ నీళ్లను లాగలేదు. పంపు చేసేదల్లా తన నోటి దగ్గర ఒత్తిడి తగ్గించడం వరకే. బావిలోని నీటి మీద బయటి గాలి బరువు ఉంది. అటు బరువు ఎక్కువ, ఇటు ఒత్తిడి తక్కువ కాబట్టి ఆ గాలే నీళ్లను పైపులోకి తోస్తుంది. సముద్ర మట్టం దగ్గర గాలి బరువు దాదాపు 10.3 మీటర్ల నీటి స్తంభాన్ని మోయగలదు. పులివెందుల ఉన్న ఎత్తులో అది సుమారు 10 మీటర్లకు తగ్గుతుంది. పంపు తన నోటి దగ్గర పూర్తి శూన్యాన్ని సృష్టించగలిగినా నీళ్లు అంతకు మించి ఒక్క అడుగు పైకి రావు. బావుల పంపులు ఒక లోతు దాటితే ఎందుకు పనిచేయవని ఇటలీలో గెలీలియో కాలంలోనే తలపట్టుకున్నారు. అక్కడ పనిచేస్తున్నది శూన్యపు ఆకర్షణ కాదనీ, గాలి బరువనీ ఆయన శిష్యుడు టోరిచెల్లి 1640లలో తేల్చాడు. అయితే ఆ పది మీటర్లు కూడా పూర్తిగా మన చేతికి రావు. నీటి స్వభావం మధ్యలో కొంత కోసుకుంటుంది.

నీళ్లు మరగాలంటే వంద డిగ్రీల వేడి కావాలని చిన్నప్పుడు చదువుకున్నాం. ఆ వాక్యం సగమే నిజం. నీటికి ఎప్పుడూ ఆవిరైపోవాలనే ఉంటుంది, పైనున్న ఒత్తిడి దాన్ని అణచి ఉంచుతుంది. వేడి పెంచితే ఆవిరి బలం పుంజుకుని వంద డిగ్రీల దగ్గర గాలి ఒత్తిడిని గెలుస్తుంది. వేడి పెంచకుండా ఒత్తిడినే తగ్గించినా జరిగేది అదే. 30 డిగ్రీల దగ్గరున్న మామూలు నీళ్ల మీద ఒత్తిడిని గాలి పీడనంలో 24వ వంతుకు దించితే అవి ఆ చల్లదనంలోనే మరుగుతాయి. ఆ స్థితిలో ఒక్క గ్రాము నీళ్లు ఆవిరైతే సుమారు 33 లీటర్ల చోటు ఆక్రమిస్తాయి. పంపు లోపల తిరిగే రెక్కల చక్రం (ఇంపెల్లర్) అంచున గానీ, ఓడ ప్రొపెల్లర్ రెక్క మీద గానీ ఒత్తిడి ఇంత కిందికి దిగిన ప్రతిచోటా చల్లటి నీళ్లు మరిగి బుడగలు పుడతాయి. ఆ బుడగలు పుట్టి, పెరిగి, పేలిపోయే వ్యవహారమంతటినీ కలిపి కావిటేషన్ అంటారు. ఆ బుడగల్లో ఉండేది గాలి కాదు, నీటి ఆవిరి. మోటారు గరగరమంటే ‘గాలి పట్టింది’ అని మనవాళ్లు అనడం అలవాటే గానీ, గాలి చొరబడటం ఒక జబ్బు, కావిటేషన్ ఇంకో జబ్బు. రెండింటికీ మందులు వేరు.

ఇప్పుడు ఓడ దగ్గరికి వెళ్దాం. ప్రొపెల్లర్ రెక్క అడ్డకోతలో విమానపు రెక్కను పోలి ఉంటుంది. అది నీటిని కోసుకుంటూ తిరిగేటప్పుడు ఓడ ముందువైపు చూసే ముఖం మీద నీళ్లు వేగంగా జారి ఒత్తిడి తగ్గుతుంది, వెనకవైపు ముఖం మీద ఒత్తిడి పెరుగుతుంది. ఈ తేడాయే ఓడను ముందుకు నడుపుతుంది. అదే సమయంలో నీళ్లు వెనక్కి నెట్టుకుపోతాయి. వెనక ముఖం మీద పెరిగిన ఒత్తిడి కంటే ముందు ముఖం మీద తగ్గిన ఒత్తిడి వాటాయే సాధారణంగా ఎక్కువ. మరి ఇది లాగడం కాదా అని అడగవచ్చు. కాదు. ముందువైపు ఒత్తిడి తగ్గింది కాబట్టి వెనకవైపు మామూలుగా ఉన్న నీటి ఒత్తిడే రెక్కను తోస్తున్నది. పంపు దగ్గర గాలి చేసిన పనిని ఇక్కడ గాలి, సముద్రపు లోతు కలిసి చేస్తున్నాయి. దీన్నుంచి ఒక గట్టి ఫలితం వస్తుంది. ముందు ముఖం మీద ఒత్తిడి ఎంత తగ్గినా ఆవిరయ్యే స్థాయి కంటే కిందికి పోలేదు. కాబట్టి ఒక చదరపు మీటరు రెక్క ఆ ముఖం నుంచి రాబట్టగల తోపుకు ఒక పైహద్దు ఉంది. ఇంజను ఎంత పెద్దదైనా ఆ హద్దును జరపలేదు.

ఆ హద్దు ఎంత దగ్గరగా ఉందో ఒక చిన్న లెక్క చెబుతుంది. ఆరు మీటర్ల వ్యాసమున్న ప్రొపెల్లర్ నిమిషానికి వంద చుట్లు తిరుగుతోందనుకుందాం. చూడటానికి నిదానమే. కానీ రెక్క కొస సెకనుకు 31 మీటర్లు, అంటే గంటకు 110 కిలోమీటర్లకు పైగా వేగంతో నీటిని చీలుస్తుంది. ఆ వేగం నుంచి పుట్టే ఒత్తిడి గాలి పీడనానికి దాదాపు ఐదు రెట్లు. ఐదు మీటర్ల లోతున నీటికి ఉన్న మొత్తం ఒత్తిడి ఒకటిన్నర రెట్లే. అంటే వేగం తాలూకు ఒత్తిడిలో మూడో వంతు తగ్గుదల వచ్చినా చాలు, రెక్క మీద నీళ్లు మరగడం మొదలవుతుంది. పైగా వేగం రెట్టింపైతే ఈ ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. ఓడ లోతు మాత్రం ఎక్కడున్నది అక్కడే. అందుకే వేగం పెంచుకుంటూ పోయిన తొలి నౌకల్లో ఈ సమస్య ఉన్నట్టుండి బయటపడింది.

1890లలో బ్రిటన్‌లో అదే జరిగింది. డేరింగ్ అనే డెస్ట్రాయర్ యుద్ధనౌకకు ఇంజను శక్తి సరిపడా ఉన్నా లెక్క ప్రకారం రావలసిన వేగం రాలేదు. దాని నిర్మాతలు థార్నిక్రాఫ్ట్, బార్నబీలు రెక్కల వైశాల్యం పెంచిన తర్వాతే కోరిన వేగం దక్కింది. ఇంకా పెద్ద పాఠం చార్లెస్ పార్సన్స్‌కు ఎదురైంది. ఆవిరి టర్బైన్‌తో నడిచే మొదటి ఓడ టర్బినియాను ఆయన 1894లో నీటిలోకి దించాడు. ఒక్క ప్రొపెల్లర్‌తో దాన్ని ఎంత వేగంగా తిప్పినా ఓడ 20 నాట్లు కూడా అందుకోలేకపోయింది. రెక్కల చుట్టూ ఆవిరి కమ్ముకుని, అవి నీటిని పట్టుకోలేక ఆవిరిలోనే తిరుగుతున్నాయి. పార్సన్స్ ఇంజనును ఇంకా పెంచే దారి పట్టలేదు. నీళ్లతో నిండిన ఒక చిన్న మూసిన గొట్టంలో నమూనా ప్రొపెల్లర్‌ను తిప్పి, లోపలి ఒత్తిడి తగ్గించి, తళుక్కుమనే వెలుగులో బుడగలను కళ్లతో చూశాడు. కావిటేషన్ టన్నెల్ అని ఇప్పుడు పిలిచే పరికరాలకు అదే మూలపురుషుడు. ఆ తర్వాత ఓడకు మూడు ఇరుసులు, ఒక్కోదానికి మూడేసి చొప్పున తొమ్మిది ప్రొపెల్లర్లు బిగించాడు. భారం తొమ్మిదింటికీ పంచడంతో చదరపు మీటరు రెక్క మీద పడే పని తగ్గింది. 1897లో విక్టోరియా రాణి వజ్రోత్సవ నౌకా ప్రదర్శనలో టర్బినియా 34 నాట్ల వేగంతో, అంటే గంటకు 60 కిలోమీటర్లు దాటి, నావికాదళపు ఓడల మధ్య దూసుకుపోయింది. అంతకుముందు లోపించింది శక్తి కాదు, ఆ శక్తిని నీటికి అప్పగించే వైశాల్యమని అందరికీ తేటపడింది.

తోపు పడిపోవడం ఒక నష్టమైతే, లోహాన్ని తినేయడం రెండో నష్టం. బుడగ తక్కువ ఒత్తిడి చోట పుట్టి, ప్రవాహంతో కొట్టుకుపోయి, కొద్ది దూరంలోనే ఒత్తిడి మామూలుగా ఉన్న చోటికి చేరుతుంది. అక్కడ ఆవిరి తిరిగి నీరైపోతుంది. ముప్ఫై వేల రెట్లకు మించి ఉబ్బినదంతా చుక్కలో చుక్కగా ముడుచుకోవడంతో చుట్టూ ఉన్న నీటిని ఆపేందుకు లోపల ఏమీ మిగలదు. నీళ్లు అన్ని వైపుల నుంచి మీద పడతాయి. మిల్లీమీటరు వ్యాసార్ధం ఉన్న బుడగ మామూలు గాలి ఒత్తిడి కింద సెకనులో పదివేలవ వంతు కూడా గడవకముందే కూలిపోతుందని, 1917లో లార్డ్ రేలీ ఇచ్చిన సూత్రంతో లెక్కగట్టవచ్చు. ఓడల ప్రొపెల్లర్లు ఎందుకు గుంటలు పడి పాడవుతున్నాయో తేల్చే క్రమంలోనే ఆయన ఆ గణితం చేశాడు. బుడగ లోహానికి ఆనుకుని ఉంటే అది గుండ్రంగా కూలదు. లోహం అడ్డున్న వైపు నీళ్లు రావడం ఆలస్యమవుతుంది, ఎదుటి వైపు నీళ్లు ముందుకు దూసుకొస్తాయి. సన్నటి నీటి సూది ఒకటి బుడగను చీల్చుకుని సెకనుకు సుమారు వంద మీటర్ల వేగంతో లోహాన్ని పొడుస్తుంది. ఆ తాకిడిలో క్షణమాత్రం పుట్టే ఒత్తిడి గాలి పీడనానికి వెయ్యి రెట్లకు మించుతుంది. ఒక్క దెబ్బకు ఏమీ కాదు. అదే చోట రోజుల తరబడి లక్షల దెబ్బలు పడితే లోహం అలసిపోయి రేణువులుగా రాలుతుంది. అలా దెబ్బతిన్న ఇంపెల్లర్‌ను విప్పి చూస్తే రెక్క తొలి అంచుకు కాస్త వెనగ్గా, ఒత్తిడి తక్కువగా ఉండే ముఖం మీద గుంటలు కనిపిస్తాయి. గుంటల్లో ఇంకా చిన్న గుంటలు, అంచులు గరుకుగా, వేలు పెడితే గీసుకునేలా. ఇసుక అరగదీసిన ఇంపెల్లర్ ఇలా ఉండదు. దాని మీద ప్రవాహం వెళ్లిన దిక్కున నున్నటి గాళ్లు పడతాయి. మరమ్మతు చేసేవారు ఈ తేడా గమనిస్తే సగం రోగనిర్ధారణ అయిపోయినట్టే.

ఇక్కడ ఒక ప్రశ్న సహజంగా వస్తుంది. లోహాన్ని బుడగలు తినేస్తున్నప్పుడు ఇంకా గట్టి లోహం వాడితే సరిపోదా? లోహం ఎంపికకు విలువ ఉంది. పోత ఇనుము త్వరగా లొంగిపోతుంది, స్టెయిన్‌లెస్ స్టీలు ఎక్కువ కాలం ఓర్చుకుంటుంది. ఓడల ప్రొపెల్లర్లకు నికెల్, అల్యూమినియం కలిపిన కంచును విరివిగా వాడటానికి ఉప్పునీటిని, ఈ దెబ్బలను రెంటినీ అది బాగా తట్టుకోవడం ఒక కారణం. కానీ గట్టి లోహం చావును వాయిదా వేస్తుందే తప్ప బుడగ పుట్టడాన్ని ఆపదు. బుడగలు ఉన్నంతకాలం నీళ్లు తగ్గుతాయి, అదురు ఉంటుంది, బేరింగులు, సీళ్లు దెబ్బతింటాయి, కరెంటు వృథా అవుతుంది. ఇంపెల్లర్ మార్చిన ప్రతిసారీ అదే చోట గుంటలు పడుతుంటే తప్పు లోహానిది కాదు, దానికి నీళ్లు అందుతున్న తీరుది.

తెలుగునేల మీద ఈ శాస్త్రానికి పెద్ద కేంద్రం విశాఖపట్నం. అక్కడ 1969లో ఏర్పడిన నావల్ సైన్స్ అండ్ టెక్నలాజికల్ ల్యాబొరేటరీ నావికాదళానికి టార్పెడోలు రూపొందిస్తుంది. వరుణాస్త్ర అక్కడిదే. ఓడల నమూనాలను లాగి పరీక్షించే అర కిలోమీటరు పొడవైన నీటి తొట్టి, ప్రొపెల్లర్ల కోసం కావిటేషన్ టన్నెల్ ఆ ప్రయోగశాలలో ఉన్నాయి. టన్నెల్‌లో పని పార్సన్స్ పద్ధతిలోనే సాగుతుంది. నీళ్లు మూసిన చుట్టులో తిరుగుతాయి, కిటికీ వెనక నమూనా ప్రొపెల్లర్ తిరుగుతుంది, ప్రొపెల్లర్‌తో తాళం కలిపిన వెలుగులో రెక్కలు నిలబడిపోయినట్టు కనబడి బుడగ ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. లోపలి ఒత్తిడిని ప్రత్యేకంగా తగ్గించాల్సిన అవసరం ఎందుకంటే, ఓడను పదో వంతుకు కుదించి నమూనా చేయగలం గానీ మీదున్న గాలి బరువును కుదించలేం. దాన్ని చేత్తో తగ్గిస్తేనే నమూనా మీద బుడగలు అసలు ఓడ మీద పుట్టినట్టే పుడతాయి. నావికాదళానికి ఇంత శ్రద్ధ ఎందుకంటే కూలే ప్రతి బుడగా చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు నీటిలో చాలా దూరం పోయి జలాంతర్గామి జాడ పట్టిస్తుంది. అదే జలాంతర్గామి లోతుకు దిగితే పైనున్న నీటి ఒత్తిడి బుడగలను పుట్టనివ్వదు, అదే వేగంలో నిశ్శబ్దంగా పోతుంది. ప్రొపెల్లర్ అదే, ఇంజను అదే. మారింది చుట్టూ ఉన్న ఒత్తిడి ఒక్కటే. లోతున్న చోట బుడగ ఉండదన్న ఈ సూత్రాన్ని పట్టుకుని మన సీమకు తిరిగి రావచ్చు.

రాయలసీమ పల్లెల్లో మోటార్ల చరిత్ర అంతా ఈ సూత్రం చుట్టూనే నడిచింది. దిగుడు బావుల కాలంలో మోటారును గట్టు మీద పెట్టేవారు. నీటి మట్టం పడిపోతే బావిలోనే ఒక మెట్టు తవ్వి మోటారును కిందికి దించేవారు. ఇంకా పడిపోతే ఇంకో మెట్టు. మోటారు బలహీనమైపోయి కాదు, నీటికీ పంపుకూ మధ్య దూరం హద్దు దాటినందుకు. లెక్క వేసి చూడండి. పది మీటర్లలో నీటి ఆవిరికి అర మీటరు పోతుంది. ఎండాకాలం నీళ్లు 40 డిగ్రీలకు వేడెక్కితే ముప్పావు మీటరు పోతుంది. ఫుట్‌వాల్వు, వంపులు, పైపు గోడల రాపిడి కొంత తినేస్తాయి. ఇంపెల్లర్ నోటి దగ్గర బుడగ రాకుండా పంపుకు తనదైన ఒత్తిడి రెండు మూడు మీటర్లు కావాలి. మిగిలేది ఆరు ఏడు మీటర్లే. తర్వాత బోర్లు వచ్చాయి, నీళ్లు వందల అడుగుల కిందికి పోయాయి, సబ్‌మెర్సిబుల్ మోటారు వచ్చింది. అది గెలిచింది లాగే బలంతో కాదు. తానే నీళ్లలో మునిగి అక్కడి నుంచి పైకి తోస్తుంది కాబట్టి గెలిచింది. వెయ్యి అడుగుల లోతు నుంచి తోసినా దానికి ప్రకృతి అడ్డు చెప్పదు. అయిదు హార్స్‌పవర్ తీసి పది పెడితే నీళ్లు బాగా లాగుతుందన్న మాట ఇప్పటికీ వినబడుతుంది. నీళ్లు బయటికి పోయే డెలివరీ వైపు ఎత్తు చాలకపోతే అది నిజమే. ఇబ్బంది నీళ్లు లోపలికొచ్చే సక్షన్ వైపు ఉంటే మాత్రం పెద్ద మోటారు నోటి దగ్గర వేగం పెంచి, ఒత్తిడి మరింత తగ్గించి, జబ్బును ముదరబెడుతుంది.

మునిగి ఉండే పంపుకు సక్షనే లేదు కదా, దానికి ఈ గొడవ ఎందుకుంటుందని మరో అభ్యంతరం. నిజమే, ప్రమాదం చాలా తగ్గుతుంది. పూర్తిగా పోదు. బోరు నడిచేటప్పుడు నీటి మట్టం ఆగి ఉన్నప్పటి మట్టం కంటే దిగుతుంది. పంపు మునిగిన లోతును నడిచేటప్పటి మట్టం నుంచే లెక్కించాలి. బోరు వేసిన రోజు మట్టం చూసి పంపు దించి, నాలుగేళ్ల తర్వాత కరువు వేసవిలో అదే లోతున నడిపితే పంపు మీద నీళ్లు ఎన్ని అడుగులు మిగిలాయో ఎవరూ చూడరు. ఇంకో సందర్భం ఉంది. వంద మీటర్లు ఎత్తేందుకు తయారైన పంపును యాభై మీటర్ల పనికి పెట్టి డెలివరీ పైపు బార్లా వదిలేస్తే, అది తన శక్తికి మించి నీళ్లు పారించబోతుంది. పారుదల పెరిగేకొద్దీ దాని నోటికి కావలసిన ఒత్తిడి వేగంగా పెరిగిపోతుంది. అప్పుడు పంపులో కంకర దొర్లుతున్న చప్పుడు వినిపిస్తే డెలివరీ గేటువాల్వును కొద్దిగా మూసి చూడాలి. చప్పుడు తగ్గితే జబ్బు కావిటేషన్ అయివుండటానికే ఎక్కువ అవకాశం. సక్షన్ వైపు వాల్వును మూయడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు, అది నీళ్ల గొంతు మీద కాలు వేయడమే. గట్టు మీది మోటారైతే సక్షన్ పైపు పొట్టిగా, వంపులు లేకుండా, డెలివరీ పైపు కంటే ఒక సైజు లావుగా ఉండాలి. ఖర్చు తగ్గించుకోవాలనుకుంటే డెలివరీ వైపు తగ్గించుకోవచ్చు, సక్షన్ వైపు తగ్గించుకోకూడదు.

ఎత్తిపోతల పథకాల్లో ఇదే సంగతి ఊరుమ్మడి వ్యవహారమవుతుంది. పెద్ద ఎత్తిపోతల్లో నిలువు పంపులు పెట్టినప్పుడు ఇంపెల్లర్ సంపులోని నీటి మట్టానికి బాగా కింద మునిగి ఉంటుంది, మోటారు పైన పొడి అంతస్తులో ఉంటుంది. ఎంత లోతున మునగాలన్నది డిజైనులో అతి ముఖ్యమైన నిర్ణయాల్లో ఒకటి. అక్కడ మీటరు తవ్వకం మిగుల్చుకుంటే పంపు బతికినన్నాళ్లూ మూల్యం చెల్లించాలి. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో రెండు దిక్కులా తిరిగే 150 మెగావాట్ల యూనిట్లు ఆరున్నాయి. అలాంటి యంత్రాలను, అంటే కరెంటు తీస్తూ అవసరమైతే నీటిని వెనక్కి ఎత్తే వాటిని, దిగువ నీటి మట్టం కంటే బాగా కింద అమర్చడానికి కూడా ఇదే కారణం. ప్రతి పంపుహౌసుకూ ఒక కనీస నీటి మట్టం రాసి ఉంటుంది. అంతకంటే తగ్గితే మోటార్లు ఆపాలి. ఎండాకాలం జలాశయంలో నీళ్లు కళ్లెదుట కనబడుతుంటే మోటార్లు ఎందుకు ఆపారని రైతులు అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనది. తోట ఎండిపోతున్నవారికి సూత్రాలు చెప్పి ఊరడించలేం. కానీ ఆ మట్టం కంటే కింద నడిపిస్తే నీటి సుడుల్లోంచి గాలి దిగుతుంది, ఇంపెల్లర్ దగ్గర ఒత్తిడి చాలదు, పారుదల పడిపోతుంది, యంత్రాన్ని బుడగలు తినేస్తాయి. ఈ వేసవి నాలుగు రోజుల నీళ్ల కోసం వచ్చే సీజనులో నాలుగు వారాలు మోటారు విప్పి కూర్చోవలసి రావచ్చు. వరుస దశల పథకంలో ఒక దశ ఆగితే పైనున్నవన్నీ ఆగుతాయి. కాబట్టి న్యాయం చేయాల్సింది మోటారును గదమాయించి కాదు. కనీస మట్టానికి చేరకముందే, నీళ్లు నిండుగా ఉన్న నెలల్లోనే పై జలాశయాలు నింపుకునే ప్రణాళిక కావాలి. ఆ కనీస మట్టం ఎంతో, ఎందుకో ఆయకట్టు రైతులకు ముందే తెలియజెప్పాలి.

ఇంత అపకారి అయితే కావిటేషన్‌ను సమూలంగా తుడిచేయరెందుకని కొందరికి తోచవచ్చు. అన్నిచోట్లా తుడిచేయడం లాభసాటి కాదు. ఓడ రెక్కల వైశాల్యం పెంచుకుంటూ పోతే నీటి రాపిడి పెరిగి ఇంధనం ఎక్కువ కాలుతుంది. అందుకే సరుకుల ఓడలకు పూర్తి వేగంలో కొద్దిపాటి బుడగలను అనుమతించి, అవి రెక్కకు తగలకుండా దూరంగా కూలేలా ఆకారం తీరుస్తారు. కొన్నిచోట్ల గాలే కాపాడుతుంది. అమెరికాలో కొలరాడో నది మీది గ్లెన్ కేన్యన్ డ్యామ్‌లో 1983 వరదకు మిగులు నీళ్లు పోయే సొరంగాల కాంక్రీటును కావిటేషన్ తవ్వి పెద్ద గోతులు చేసింది. ఇంజనీర్లు మరమ్మతులో సొరంగపు గోడకు గాడి తీసి, ప్రవాహంలోకి గాలి కలిసేలా చేశారు. ఆవిరి బుడగ నీరై మాయమవుతుంది, గాలి బుడగ మాయం కాదు. అది మధ్యలో మెత్తగా నిలబడి దెబ్బను మింగుతుంది. ఇంకా కొన్నిచోట్ల ఈ శత్రువుతోనే పని చేయించుకుంటున్నాం. బంగారు వ్యాపారానికి పేరుబడ్డ ప్రొద్దుటూరు ఉదాహరణ ఇక్కడ అతుకుతుంది. నగల పనివారు వాడే అల్ట్రాసోనిక్ క్లీనరు ఒక చిన్న స్టీలు తొట్టి. అడుగున ఉన్న పరికరం నీళ్లను సెకనుకు సుమారు 40 వేల సార్లు అదిరిస్తుంది. ప్రతి అదురులోనూ ఒత్తిడి పడిపోయి కంటికి ఆనని బుడగలు పుట్టి కూలుతుంటాయి. బ్రష్ దూరలేని రాళ్ల గూళ్లలో, గొలుసు కడియాల సందుల్లో పేరుకున్న మడ్డిని ఆ దెబ్బలే రాల్చేస్తాయి. ముత్యాలను, పచ్చలను ఆ తొట్టిలో వేయకూడదని చెప్పడానికి కారణమూ అదే, మెత్తటి పూతనూ పగుళ్లున్న రాయినీ ఆ బుడగలు వదలవు. కిడ్నీలో రాళ్లను కోత లేకుండా బయటి నుంచి తరంగాలతో పగలగొట్టే చికిత్సలో కూడా వీటి పాత్ర ఉంది. బుడగకు మంచీచెడూ లేవు, అది ఎక్కడ పుట్టాలో నిర్ణయించేది మనమైతే మేలు, మన అజాగ్రత్త అయితే కీడు.

ఈ నిర్ణయం తీసుకోగల జ్ఞానం మన ఊళ్లకు దూరంగా లేదు. ప్రతి మంచి పంపు కేటలాగులోనూ పారుదల, ఎత్తు గీతల కింద ఇంకో గీత ఉంటుంది. ఎంత పారుదలకు పంపు నోటి దగ్గర ఎంత ఒత్తిడి కావాలో అది చెబుతుంది. ఇంజనీర్లు దాన్ని ఎన్‌పీఎస్‌హెచ్ అంటారు. హార్స్‌పవరు, ధర, గ్యారంటీ అడిగే మనం ఆ గీత చూపించమని అడగం. దుకాణదారు చూపించడు. అడగడం మొదలుపెట్టాలి. పులివెందులలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల ఉంది, ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయపు ఇంజనీరింగ్ కళాశాల ఉంది. అలాంటి చోట్ల పారదర్శకమైన తొడుగున్న చిన్న పంపు ఒకటి పెట్టి, సక్షన్ వాల్వును మెల్లగా మూస్తూ చల్లటి నీళ్లు ఎలా మరుగుతాయో చూపిస్తే, ఆ ప్రదర్శనకు విద్యార్థులనే కాక మోటారు మెకానిక్కులను, పంపుహౌసుల ఆపరేటర్లను, రైతులను పిలిస్తే, పేజీల పాఠం చేయలేని పని అరగంటలో అవుతుంది. కరువు సీమలో నీటి చుక్క విలువ ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆ చుక్కను ఎత్తే యంత్రానికి తన నోటి దగ్గర కొంత ఒత్తిడి హక్కుగా దక్కాలన్నది మాత్రం ఇంకా చెప్పవలసి ఉంది. ఆ హక్కు ఇచ్చిన చోట మామూలు పోత ఇనుప ఇంపెల్లర్ కూడా ఏళ్ల తరబడి పనిచేస్తుంది. ఇవ్వని చోట ఎంత ఖరీదైన లోహమూ, ఎంత పెద్ద మోటారూ నిలవవు. పంపు కొనేటప్పుడు, దించేటప్పుడు, నడిపేటప్పుడు మొదట అడగాల్సింది అది నీళ్లను ఎంత ఎత్తుకు తోస్తుందని కాదు, దాని దగ్గరికి నీళ్లను ఏది తోస్తున్నదని.